చెకింగక్క చెప్పిన అవును

కుట్టు ఫ్యాక్టరీలో ఆవిడ అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు. అరవైమంది ఆడవాళ్లకీ, నలుగురు మగవాళ్లకీ ఆవిడ చెకింగక్క. ఇరవై రెండేళ్లుగా అదే బల్ల, అదే ట్యూబులైటు, అదే ఎత్తు స్టూలు. కుట్టి వచ్చిన బట్టని బల్ల మీద పరిచి, రెండు బొటనవేళ్లూ కుట్టు మీద ఆనించి, ఈ కొస నుంచి ఆ కొసకి నడిపిస్తుంది. కళ్లు ఎటో చూస్తుంటాయి, నోరు ఎవరి యోగక్షేమాలో కనుక్కుంటూ ఉంటుంది, వేళ్లు మాత్రం ఆగవలసిన చోట ఆగుతాయి. తప్పిన కుట్టు, జారిన దారం, లోపలికి మడతపడిన అంచు, ఏదైనా సరే ఆ వేళ్లకి చిక్కకుండా బల్ల దాటలేదు. “ఎదురుగా కూర్చుంటే మన కడుపులో మాట కూడా తడిమి చూసేస్తుంది” అని నాలుగో మిషను వదిన అంటూ ఉంటుంది. ఈ వదిన ఎవరికి వదినో ఎవరికీ తెలియదు. నాలుగో మిషను మీద కూర్చుంటుంది, అందరికీ వదినే.

చెకింగక్క చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఆగింది బడి మాత్రమే. తెలుసుకోవాలన్న యావ ఆగలేదు. మిషను బాగుచెయ్యడానికి వచ్చినవాడు ఒక మర విప్పితే అదెందుకు, విప్పకపోతే ఎందుకు విప్పలేదు. అట్టపెట్టెల మీద అచ్చైన బొమ్మల్లో గొడుగెందుకు, గాజుగ్లాసెందుకు. మేనేజరు జవాబు చెప్పలేక తన గది తలుపు వేసుకున్న రోజులున్నాయి.

అలాంటి మనిషికి యాభై ఒకటో ఏట ఇంగ్లీషు అవసరం పడింది.

ఆ ఫ్యాక్టరీలో కుట్టేవి పసిపిల్లల గౌన్లు. కొనే కంపెనీ ఎక్కడో దూరదేశంలో ఉంది. మూడు నెలలకోసారి అక్కడినుంచి ఒక మేడమ్ వచ్చి, పెట్టెలు తెరిచి చూసి, సంతకం పెడితేనే సరుకు కదిలేది. ఆవిడకి మన మాట ఒక్కటీ రాదు. ఆవిడకీ వీళ్లకీ మధ్య మాట మోసే గుమస్తా కాస్తా వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. ఓనరు ఒక రోజు అందరినీ నిలబెట్టి చెప్పాడు.

“మేడమ్‌తో ఎవరు నాలుగు ముక్కలు మాట్లాడి పని చూపించగలరో, వాళ్లకే క్వాలిటీ ఇన్‌చార్జి సీటు.”

అరవై తలలూ కిందికి వంగాయి. ఒక్క చెయ్యి లేచింది. ఫ్లోరు ఇన్‌చార్జి పక్కున నవ్వాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా టార్గెట్, టార్గెట్ అని అరవడం తప్ప ఇంకో మాట రాని మనిషి కనుక, ఆడవాళ్లు అతనికి టార్గెట్టయ్య అని పేరు పెట్టారు.

“మీకెందుకక్కా ఈ వయసులో ఇంగ్లీషు?” అన్నాడు.

“వయసుకి కాదు తమ్ముడూ, నోటికి. అది ఖాళీగా ఉండలేదు” అంది చెకింగక్క.

ఇంట్లో గురువు సిద్ధంగానే ఉంది. కోడలు చిన్నపిల్లల బళ్లో ఇంగ్లీషు చెబుతుంది. కొడుకు సరుకుల లారీ మీద వారానికి అయిదు రోజులు బయటే ఉంటాడు కాబట్టి, సాయంత్రాలు ఆ ఇంట్లో అత్తాకోడళ్లిద్దరే. కోడలు కూరలు తరుగుతూ అడిగేది, అత్తగారు గిన్నెలు తుడుస్తూ చెప్పేది. పొడుగు పొడుగు వాక్యాలు మూడు నెలల్లో నోటికి వచ్చాయి. పేచీ అంతా తోకల దగ్గర వచ్చింది.

“అత్తయ్యా, మీరు అన్నిటికీ ఇజింటిట్టే తగిలిస్తున్నారు.”

“తప్పేముందమ్మాయ్? కదా అంటే ఇజింటిట్టేగా?”

“కాదు. ముందున్న మాటని బట్టి తోక మారుతుంది. షి ఈజ్ అంటే ఇజింట్ షి. దే ఆర్ అంటే ఆరెంట్ దే. యు కేమ్ అంటే డిడింట్ యు. దీన్ని క్వశ్చన్ ట్యాగు అంటారు.”

“మన కదా ఎంత బుద్ధిమంతురాలో చూడు. ఆడా మగా చూడదు, ఒకరా పదిమందా అడగదు, నిన్నా రేపా పట్టించుకోదు. ఎక్కడ తగిలిస్తే అక్కడ వేలాడుతుంది.”

“ఇంగ్లీషు తోక అంత మంచిది కాదు. పైగా ముందు మాట అవునంటే తోక కాదనాలి, ముందు మాట కాదంటే తోక అవుననాలి.”

చెకింగక్క తుడుస్తున్న గిన్నె పక్కన పెట్టింది. లోపలికి వెళ్లి, కుట్టు డబ్బాలోంచి ఒక ప్రెస్ బటన్ తెచ్చి కోడలి ముందు గట్టు మీద పెట్టింది. దాని రెండు ముక్కలూ విడదీసింది. ఒకదానికి బొడిపె ఉంది, రెండోదానికి గుంట ఉంది.

“ఇదేనా నువ్వు చెప్పేది? రెండూ బొడిపెలైతే అతుక్కోవు. రెండూ గుంటలైనా అతుక్కోవు. ఇటు ఈజ్ అయితే అటు ఇజింట్. ఇటు డిడింట్ అయితే అటు డిడ్.”

కోడలు తరగడం ఆపి, అత్తగారి మొహంలోకి చూసింది. “మా హెడ్‌మిస్ట్రెస్ ఇది చెప్పడానికి బోర్డు నిండా రాస్తుంది అత్తయ్యా.”

“బోర్డు మీద బటన్లు కుట్టలేరు కదా పాపం. సరే, నేను ఆలస్యం అయ్యాను కదా అనాలంటే? ఐ యామ్ లేట్, యామింట్ ఐ?”

“అక్కడ మాత్రం ఆరెంట్ ఐ.”

“నేను ఒక్కదాన్నే కదమ్మా. ఆర్ ఎక్కణ్ణుంచి ఊడిపడింది?”

“అది అంతే అత్తయ్యా.”

“అంతే, అంతే అని మా అత్తగారు నా నోరు మూయించేది. ఇప్పుడు కోడలివి నువ్వు మొదలుపెట్టావు. నా బతుక్కి మధ్యలో ఒక్క రోజు కూడా విరామం లేదు.”

అలా ఇంకో నాలుగు నెలలు గడిచాయి. ఈలోగా మేడమ్ వచ్చిన రెండుసార్లూ ఓనరు పక్క కంపెనీ గుమస్తాని అరువు తెచ్చుకుని నెట్టుకొచ్చాడు. కోడలి బడి పుస్తకంలో ఆ పాఠం కింద యాభై ఖాళీలు ఉన్నాయి. యాభైకి యాభై నింపింది. ఫ్యాక్టరీలో బల్ల అంచు మీద సుద్దముక్కతో తోకలు రాసుకునేది, ఎవరు కనబడితే వాళ్ల మీద ప్రయోగించేది. “ఫోర్త్ మిషన్ ఈజ్ స్లో టుడే, ఇజింట్ ఇట్?” అంటే వదిన మెడ తిప్పి చూసేది.

“నన్నేదో అంటున్నావు. నవ్వుతూ మరీ అంటున్నావు. మొగుడికి చెబుతాను ఉండు.”

ఇక ఆ రోజు సంగతి. అది శుక్రవారం. మేడమ్ మధ్యాహ్నంలోగా వస్తుందని కబురు. ఏడాది పిల్లల గౌన్లు చివరి విడత కుడుతున్నారు. భుజం దగ్గర తెరుచుకునేలా మూడు ఇనప ప్రెస్ బటన్లు, వాటి వెనక ఒక మెత్తటి పట్టీ. పదకొండు గంటలకి నాలుగో మిషను మీద టక్కుమని సూది విరిగింది.

పిల్లల బట్టలు కుట్టేచోట సూది విరగడం చిన్న విషయం కాదు. విరిగిన వెంటనే మిషను ఆపాలి. ముక్కలన్నీ వెతికి పట్టుకోవాలి. సూదుల రిజిస్టరులో నిండు సూది బొమ్మ గీసి ఉంటుంది. దొరికిన ముక్కలని ఆ బొమ్మ మీద పేర్చి టేపు అంటిస్తారు. ముక్కలు కలిస్తే బొమ్మంత కావాలి. కాకపోతే ఆ చుట్టుపక్కల ఉన్న బట్టలు ఎర్ర ట్రేలోకి వెళతాయి. బట్టల్లో ఇనుము ఉంటే కుయ్యిమనే మిషను ఒకటి ఉంది గాని, ఈ గౌన్లకి ఇనప బటన్లు ఉన్నాయి కనుక ఏ గౌను పెట్టినా కుయ్యిమనే అంటుంది. అందుకని ఈ రకానికి చెకింగక్క వేళ్లే గతి.

వదిన నేల మీద కూర్చుని అయస్కాంతంతో వెతికింది. సూది తల దొరికింది, నడుము దొరికింది. మొన దొరకలేదు. ఇరవై గౌన్లు ఎర్ర ట్రేలో వేసుకుని చెకింగక్క మొదటిది చేతిలోకి తీసుకుందో లేదో, గుమ్మంలో మేడమ్ బూట్ల చప్పుడు వినబడింది.

మేడమ్ పొడుగ్గా, సన్నగా, మెడలో భూతద్దం వేసుకుని ఉంటుంది. చెకింగక్క గుడ్ మార్నింగ్ చెప్పింది. బట్ట చూపించింది, కుట్టు చూపించింది, అడిగినదానికల్లా జవాబు చెప్పింది. వెనక ఓనరు చేతులు కట్టుకుని నిలబడి, తల ఆడిస్తూ చూస్తున్నాడు. మేడమ్ ఎర్ర ట్రే దగ్గర ఆగి, రిజిస్టరు తిప్పి, చేత్తో మొన లేని బొమ్మని చూపించి అడిగింది.

“యు హావెంట్ ఫౌండ్ ద టిప్, హావ్ యు?”

మొన దొరకలేదు కదా అని అడుగుతోంది. తోక కూడా సరిగ్గా బొడిపెకి గుంటలా అతికింది. అంత పొడుగు మాట ఒక్క అక్షరం పోకుండా అర్థమైనందుకు చెకింగక్క మనసు పొంగిపోయింది. అవును, దొరకలేదు. అదే చెప్పింది.

“యెస్ మేడమ్.”

మేడమ్ మొహం విప్పారింది. “గుడ్. లెట్ దెమ్ గో, దెన్” అని ట్రే మీది కార్డు మీద సంతకం పెట్టి ముందుకి నడిచింది. గో అంటే పొమ్మనడం. అనుమానపు బట్టలు పోతే పోనీ, పారెయ్యండి అందని చెకింగక్క అనుకుంది. భోజనం చేసి వచ్చేసరికి ట్రే ఖాళీగా ఉంది.

“గౌన్లేవి?” అని టార్గెట్టయ్యని అడిగింది.

“మేడమ్ పంపించెయ్యమంది, పంపించేశాను” అన్నాడు అతను, నడక ఆపకుండానే.

చెత్తగదికి పంపించాడనుకుంది. సాయంత్రం ఓనరు పిలిచి, “బాగా మాట్లాడావమ్మా. సీటు సంగతి సోమవారం చూద్దాం” అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఆవిడ కాళ్లు నేల మీద లేవు. చెప్పులు విప్పకుండానే కథంతా మొదలుపెట్టింది. కోడలు నవ్వుతూ కంచం కడిగి, అత్తగారికి వడ్డించబోతూ ఆటపట్టించింది.

“మరి ఇన్‌చార్జిగారికి పరీక్ష. యు హావెంట్ ఈటెన్, హావ్ యు?”

“యెస్” అంది అత్తగారు, పీట లాక్కుంటూ.

కోడలు కంచం తీసేసింది.

“అదేంటమ్మాయ్, కంచం లాగేశావు?”

“తిన్నానన్నారుగా మీరు?”

“తినలేదు కదా అన్నావు. యెస్ అన్నాను. అవును, తినలేదు.”

“అలా చెల్లదు అత్తయ్యా. యెస్ అంటే తిన్నాను అని. తినకపోతే నో అనాలి. నో, ఐ హావెంట్.”

“కాదు అంటే నీ మాట కాదన్నట్టు కదూ?”

“అక్కడే తేడా. మనం అవును కాదు అనేది అడిగినవాళ్ల మాటకి. నువ్వన్నది నిజమే అని అవును అంటాం. వాళ్లు అడిగిన మనిషిని చూడరు, జరిగినదాన్ని చూస్తారు. జరిగితే యెస్, జరక్కపోతే నో. ఎలా అడిగినా అంతే.”

“ఇది నువ్వు చెప్పలేదే?”

కోడలి నవ్వు తగ్గింది. “పుస్తకంలో లేదు. తోక అతికించి ఖాళీ నింపమనే ఉంది గాని, ఎవరైనా నిజంగా అడిగితే ఏం చెప్పాలో లేదు.” చెప్పి, అత్తగారి వంక చూసి, కంచం కింద పెట్టేసింది. “ఏమైంది అత్తయ్యా, అలా అయిపోయారు?”

చెకింగక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. మొన దొరికింది అని చెప్పానన్నమాట. లెట్ దెమ్ గో అంటే పారెయ్యమని కాదు, పెట్టెల్లో పెట్టి పంపించమని. ఇరవై గౌన్లలో ఎక్కడో సూది మొన ఉంది. ఏడాది బిడ్డ మెడ దగ్గర ఉందో, వీపు దగ్గర ఉందో. ఆ బిడ్డకి అది చెప్పడానికి మాటలు కూడా ఇంకా రావు.

వెంటనే టార్గెట్టయ్యకి ఫోను చేసింది.

“పెట్టెలు అంటించేశామక్కా” అన్నాడు అతను. “రేపు పొద్దున ఎనిమిదికి లారీ. సీళ్లు చూడటానికి మేడమ్ కూడా వస్తుంది. మేడమ్ సంతకం పెట్టింది. మధ్యలో మీకేమిటి?”

“ఆవిడ సంతకం పెట్టింది నా మాట మీద. నా మాట తప్పు.”

“మొన ఎక్కడో కింద పడి ఊడ్పులో పోయి ఉంటుంది.”

“ఎక్కడో అంటే ఎక్కడ?”

“అన్నిటికీ ఇలా ప్రశ్నలేస్తారు. వినండి. మీరు నోరు విప్పితే లారీ ఆగుతుంది. లారీ ఆగితే ఓనరు ఆగడు. మీ సీటు మీరే కాలితో తన్నుకుంటారా?”

“సీటు దగ్గర నిలబడే తమ్ముడూ ఆలోచిస్తున్నాను. దాని మీద కూర్చున్నాక నిద్ర ఎలా పడుతుందా అని” అని ఫోను పెట్టేసింది.

మరునాడు ఆరున్నరకే కోడలు చెప్పులేసుకుని సిద్ధమైంది. “నేనొచ్చి మేడమ్‌కి చెబుతాను. బళ్లో గంట పర్మిషన్ అడిగాను.”

“నువ్వొద్దు. అబద్ధం చెప్పింది నా నోరు. తెలియక చెప్పినా నాదే. మార్చుకోవలసిందీ అదే” అంది అత్తగారు. దారంతా నాలుగే నాలుగు వాక్యాలు పైకే వల్లించుకుంటూ నడిచింది. పక్కనుంచి పోయేవాళ్లు తిరిగి తిరిగి చూశారు.

వెళ్లేసరికి లారీ సగం నిండింది. మేడమ్ పెట్టెల మీద సీళ్లు చూసుకుంటోంది, పక్కన ఓనరు, టార్గెట్టయ్య. చెకింగక్కని చూడగానే టార్గెట్టయ్య అడ్డం రాబోయాడు. ఆవిడ అతని చంక కింద నుంచి దూరి మేడమ్ ముందు నిలబడింది.

“మేడమ్, యెస్టర్డే ఐ సెడ్ యెస్. మై యెస్ ఈజ్ మిస్టేక్. టిప్ ఈజ్ నాట్ ఫౌండ్.”

మేడమ్ చేతిలో కలం ఆగింది. “నాట్ ఫౌండ్?”

“నో మేడమ్. నాట్ ఫౌండ్” అంది చెకింగక్క. ఈసారి నో చెప్పవలసిన చోటే పడింది. ఆపైన మాటలు చాలక, రిజిస్టరు తెరిచి, మొన లేని బొమ్మ మీద వేలు పెట్టింది. తర్వాత లారీలో పెట్టెల వైపు చూపించింది. ఆ రెండింటికీ మధ్య చెప్పవలసినదేమీ లేదు.

మేడమ్ కలం మూత పెట్టి, లారీ వైపు చెయ్యి ఊపింది. దింపమని. ఓనరు మొహం కందగడ్డ అయింది. “మీ కోసం నేను సీటు చూస్తుంటే మీరు నా లారీ చూశారా? ఇంక ఆ సంగతి నా దగ్గర ఎత్తకండి” అన్నాడు. చెకింగక్క తల ఒంచుకుని సరేనంది. అప్పటికే పమిట నడుముకి దోపుకుంటోంది.

ఇరవై గౌన్ల మీద ఉండాల్సిన గుర్తు చీటీలు నిన్ననే పీకేశారు. ఏడాది సైజువి ఆరు పెట్టెలు, పెట్టెకి యాభై. అంటే మూడు వందల గౌన్లు తడమాలి. శనివారం పూట సగం రోజు సెలవు పోయింది. ఆడవాళ్లు గొణుక్కుంటూ బల్ల చుట్టూ చేరారు.

“నా మిషను సూదికి లారీ ఆగింది” అంది వదిన. “రేపట్నుంచి వీధిలో నన్ను సూదమ్మ అనే పిలుస్తారు. పిలిపించావు కదే.”

“పిలిస్తే పలుకు. ముందు వేలు అక్కడ కాదు, కుట్టు మీద ఆనించు. గోటితో కాదు, కండతో నొక్కు. గుచ్చుకుంటేనే దొరికినట్టు.”

“గుచ్చుకుంటే నీ వేలు ఇస్తావా నాకు?”

“అందుకేగా ముందు నేను తడుముతున్నాను.”

అంచులన్నీ అయస్కాంతంతో తడిమారు, కుట్లన్నీ వేళ్లతో తడిమారు. తొమ్మిది దాటింది, పది దాటింది. నాలుగో పెట్టె సగంలో చెకింగక్క వేలు ఒక భుజం పట్టీ మీద ఆగింది. రెండో బటన్‌కి సరిగ్గా వెనక. అక్కడ అయస్కాంతం ఎలాగూ అంటుకుంటుంది, బటన్ ఇనుమే కనుక. ఎవరికీ అనుమానం రాదు. ఆవిడ ఇంకోసారి నొక్కింది. బొటనవేలి మీద చిన్న నెత్తుటి చుక్క వచ్చింది. పట్టీ విప్పి, తడి దూదితో అద్ది, తెల్లకాగితం మీద పెట్టింది. సూది మొన.

హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఎవరో చప్పట్లు కొట్టారు, వెనకే అందరూ కొట్టారు. మేడమ్ కూడా కొట్టింది. ఓనరు గడియారం చూసుకుని, “దొరికిందిగా, ఎక్కించండి” అని కేకేశాడు. ఆడవాళ్లు టిఫిను డబ్బాల కోసం లేచారు.

చెకింగక్క మాత్రం మొనని తీసుకెళ్లి రిజిస్టరులో బొమ్మ మీద పెట్టింది. తల, నడుము, మొన. కళ్లకి దగ్గరగా తెచ్చుకుంది, దూరంగా పెట్టింది. నడుముకీ మొనకీ మధ్య గసగసాల గింజంత సందు ఉంది.

“ఇంకో పలుకు ఉంది” అంది.

లేచినవాళ్లు లేచిన చోటే ఆగిపోయారు. టార్గెట్టయ్య వచ్చి తొంగి చూశాడు. “ఆ మాత్రం అరిగిపోయి ఉంటుందక్కా.”

“సూది విరుగుతుంది గాని, ఒక్క పూటలో అరుగుతుందా?”

“మొన దొరికింది. అసలు భయం దానిదేగా? ఇది దుమ్ము లాంటిది.”

“దుమ్మయితే నీ కంట్లో వేసుకో చూద్దాం” అంది వదిన, కూర్చోలేకా నిలబడలేకా.

ఓనరు మళ్లీ గడియారం చూసుకున్నాడు. మేడమ్‌కి సాయంత్రం విమానం ఉంది, ఆవిడ కూడా కాగితాలు సంచిలో సర్దుకుంటోంది. ఇంతమంది అలిసిపోయారు, ఇంతమందికి ఇంటి దగ్గర పనులున్నాయి. చూసీ చూడనట్టు టేపు అంటించేస్తే ఎవరూ అడగరు. చెకింగక్క రిజిస్టరు రెండు చేతులా ఎత్తి, మేడమ్ ముందు బల్ల మీద తిప్పి పెట్టింది. మనసులో రెండు ముక్కలూ ఎదురెదురుగా పెట్టుకుని చూసుకుంది. ఇటు కాదు, అటు అవును. అప్పుడు అడిగింది.

“ఇట్ ఇజింట్ ఫుల్, ఈజ్ ఇట్, మేడమ్?”

మేడమ్ సర్దడం ఆపింది. మెడలో భూతద్దం కంటికి ఆనించుకుని బొమ్మ మీదికి వంగింది. చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తి, చెకింగక్క కళ్లలోకి చూసి చెప్పింది.

“నో. ఇట్ ఇజింట్.”

“నో అంటుందేమే?” వదిన చెకింగక్క మోచెయ్యి గిల్లింది. “వద్దు, చాలు అంటోందా?”

“కాదు వదినా. నిండలేదు కదా అన్నాను. నిండలేదు అంటోంది. నో అంటే ఇక్కడ మన మాటకి అవునని.”

“వాళ్ల నో మన అవునా? ఇదెక్కడి గోలే తల్లీ” అని వదిన తన టిఫిను డబ్బా కిటికీలో పెట్టేసి, నాలుగో పెట్టెలో మిగిలిన సగం తనే ముందుకి లాక్కుంది. ఆవిడ కూర్చుంటే ఇంకొకరు కూర్చున్నారు. ఇంకొకరు కూర్చుంటే అందరూ కూర్చున్నారు. మేడమ్ కోటు విప్పి కుర్చీకి తగిలించి, చొక్కా చేతులు పైకి మడిచి, చెకింగక్క పక్క స్టూలు మీద కూర్చుంది. ఎలా నొక్కాలో సైగలతో అడిగింది. చెకింగక్క ఆవిడ బొటనవేలు పట్టుకుని కుట్టు మీద నడిపించింది.

ఒంటిగంట అయింది. రెండు అయింది. ఆరో పెట్టెలో ఆఖరి పాతిక మిగిలాయి. అప్పుడు వదిన అబ్బా అని వేలు నోట్లో పెట్టుకుని, నోట్లో వేలుతోనే మాట్లాడింది.

“దీని దుంప తెగ, నాకే దొరకాలా ఇది కూడా.”

కాలరు అంచు మడతలో ఉంది పలుకు. కంటికి కనబడలేదు. భూతద్దంలో చూస్తే కనబడింది. చెకింగక్క దాన్ని తడి దూది కొస మీద ఎత్తుకుని, ఊపిరి బిగపట్టి, బొమ్మ మీద ఉన్న సందులోకి దించింది. సందు మూసుకుంది. ఎక్కడా తెలుపు కనబడలేదు.

టేపు అంటించాక రిజిస్టరు కింద సంతకం గడి మిగిలింది. అక్కడ క్వాలిటీ ఇన్‌చార్జి అని అచ్చు వేసి ఉంది. టార్గెట్టయ్య అలవాటు కొద్దీ చెయ్యి చాచాడు. మేడమ్ కలం అతనికి ఇవ్వలేదు. చెకింగక్క వైపు పెట్టింది. చెకింగక్క కలం అందుకోకుండా ఓనరు వంక చూసింది. పొద్దున్నుంచి ఆయన మొహం మీద ఉన్న ముడి ఇంకా పూర్తిగా విడలేదు. ఆయన ఆరు పెట్టెల వంకా చూశాడు, బొటనవేళ్లకి గుడ్డపీలికలు చుట్టుకున్న ఆడవాళ్ల వంకా చూశాడు.

“పెట్టమ్మా సంతకం. నా వంక చూస్తావేం? లారీ ఆలస్యమవుతోంది” అన్నాడు.

ఆవిడ గడి దాటకుండా, తాపీగా, అక్షరం అక్షరం కూడబలుక్కుని పెట్టింది. అప్పుడు లారీ కదిలింది.